వడియాల గుడ్డ

తొంభైల మధ్యలో నేను ఢిల్లీలో ఏం చేస్తున్నానని ఊళ్ళో ఎవరైనా అడిగితే మా నాన్న, "గాలిని తూకమేస్తాది మా పాప" అనేవాడు. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ మాట చెవిన పడితే నాకు ఒళ్ళు మండేది. పరిశోధక విద్యార్థినిని, పెద్ద విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను, ఇదా చెప్పడం అనుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే నా పనిని అంత తక్కువ మాటల్లో మరెవరూ చెప్పలేదు. మా గైడు సారు కూడా చెప్పలేదు.

నిజంగా తూకమే. కాపీ పుస్తకంలో పేజీ అంత ఉండే తెల్లటి గాజునార కాగితం తీసుకుని, తేమ తగలని పెట్టెలో ఒక రోజంతా ఉంచి, సన్న త్రాసులో తూచి, నంబరు వేసి, కవర్లో పెట్టి తీసుకెళ్ళాలి. గాలి పీల్చే యంత్రంలో దాన్ని బిగించాలి. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా యంత్రం ఆ కాగితం గుండా గాలిని లాగుతుంది. ఆ తర్వాత కాగితం తీసి, మళ్ళీ ఆరబెట్టి, మళ్ళీ తూచాలి. రెండు తూకాల తేడాయే ఆ రోజు ఆ చోట గాలిలో ఉన్న దుమ్ము. ముందు తూచని కాగితం ఎంత నల్లబడినా దాని నుంచి ఒక్క అంకె కూడా రాదు. మా సారు ఈ మాట మొదటి రోజు చెప్పారు, రెండో రోజు చెప్పారు, నేను విసుక్కున్నాక కూడా చెప్పారు.

యంత్రం అంటే నడుమెత్తు రేకు పెట్టె. పైన ఇంటి కప్పులా రెండు వైపులా వాలిన మూత. ఆ మూత అంచుల కింది సందుల్లోంచి గాలి లోపలికి పోతుంది. పక్కన మంచుగడ్డలు వేసిన డబ్బాలో రెండు గాజు సీసాలు. వాటిలోని ద్రావణంలోంచి గాలి బుడబుడమంటూ పోతుంటే, బండ్ల పొగలో, బొగ్గు పొగలో ఉండే వాయువులు అందులో చిక్కుకుంటాయి. ల్యాబులో మరో రసాయనం కలిపితే గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే వాయువు అంత ఎక్కువ. ఇలాంటి యంత్రాలు ఢిల్లీలో ఐదు చోట్ల పెట్టాం. వారానికి ఐదు రోజులు, రోజుకొక చోటు. గురువారం సరోజినీ నగర్.

అక్కడ గవర్నమెంటు క్వార్టర్లలో పై అంతస్తున ఒక తెలుగు కుటుంబం ఉండేది. వాళ్ళది కృష్ణా జిల్లా. ఆయన ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆవిడ ఇల్లు చూసుకునేది. పదకొండో తరగతి చదివే కూతురికి తెలుగు అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం హిందీయే వచ్చేది. మా హాస్టల్లో ఒకమ్మాయికి వాళ్ళు దూరపు చుట్టాలు. డాబా మీద యంత్రం పెట్టుకుంటామని అడగడానికి వెళ్ళిన రోజు ఆయన సవాలక్ష ప్రశ్నలు వేశాడు. ఆవిడ ఒక్కటే అడిగింది. "భోంచేశావా అమ్మా?"

అంకుల్‌కు ఉబ్బసం. మామూలు రోజుల్లో తెలిసేది కాదు గానీ, నవంబరు వచ్చిందంటే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. డాబాకు పదిహేడు మెట్లు. తొమ్మిదో మెట్టు మీద ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నటించేవాడు. మేమూ నమ్మినట్టు నటించేవాళ్ళం. అయినా గురువారం సాయంత్రం నేను కాగితం తీసే వేళకు తప్పకుండా పైకి వచ్చేవాడు. ఆయనకు నేర్చుకోవడమంటే సరదా. కాగితం సంగతి, సీసాల సంగతి, తూకాల లెక్క అన్నీ ఆయనకు విడమరిచి చెప్పాను. నాలుగో వారానికి నాకంటే బాగా చెప్పగలిగేవాడు. పక్కింటి సర్దార్జీని పైకి పిలిచి మరీ పాఠం చెప్పాడొకసారి.

ఆంటీకి ఏమీ చెప్పలేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. పొద్దున ఆవిడ డాబా మీద ఉన్నా బట్టలు ఆరేస్తూనో, గుమ్మడి వడియాలు పెడుతూనో ఉండేది. పేఠా మిఠాయి చేసేవాళ్ళు తెప్పించుకునే బూడిద గుమ్మడికాయలు అక్కడ చవగ్గా దొరికేవి. వాటితో ఆ ఎముకలు కొరికే చలిలో, నీరసపు ఎండలో కూడా వడియాలు పెట్టేది. ఢిల్లీ దుమ్ము పడకుండా వాటి మీద పాత మల్లు చీర చింపిన గుడ్డ కప్పేది. నాలుగింటికల్లా మంచు దిగుతుందని బట్టలూ, వడియాలూ, గుడ్డలూ అన్నీ లోపలికి తెచ్చేసేది. ఆరింటికి నేను వెళ్ళేసరికి డాబా ఖాళీగా ఉండేది. కిందికి దిగితే పెసరట్టు వేసి పెట్టేది. హాస్టలు రోటీలతో నాలుక చచ్చిపోయిన నాకు ఆ పెసరట్టు కోసమే గురువారాల మీద ప్రాణంగా ఉండేది. సైన్సు తర్వాతే.

మొదటి గురువారం సాయంత్రం మూత ఎత్తి కాగితం చూసి, "అయ్యో, ఎంత నల్లగైపోయింది ఇది" అన్నాను. నాలో నేనే అనుకున్న మాట. ఆంటీ పక్కనే తీగ మీద మిగిలిపోయిన బట్టల క్లిప్పులు ఏరుకుంటూ ఉంది.

ఆ తర్వాతి వారం నుంచి అక్కడి కాగితాలు అంత నల్లబడలేదు. లేత బూడిద రంగులో వచ్చేవి. మిగతా నాలుగు చోట్లా మసిగుడ్డల్లా వస్తుంటే ఇక్కడ మాత్రం తేలిగ్గా, దాదాపు సగం తూకంతో. మొదట త్రాసును అనుమానించాను. యంత్రం తిరిగే వేగాన్ని అనుమానించాను. రెండు నెలల తర్వాత కూడా అలాగే వస్తుంటే సారు దగ్గరికి వెళ్ళాను. ఆయన అంకెల పట్టిక చూసి, కిటికీలోంచి బయటికి చూసి, "అక్కడ చెట్లు ఎక్కువ కదా?" అన్నారు.

ఉన్నాయి. క్వార్టర్ల మధ్య వేపచెట్లు బోలెడు. ఇంకేం కావాలి? ఆకులు దుమ్మును ఎలా పట్టుకుంటాయో చదివాను, ఒక్కో చెట్టు ఎంత దూరంలో ఉందో టేపు పెట్టి కొలిచాను, బొమ్మ గీశాను. రెండో చలికాలం వచ్చేసరికి చెట్ల మీద ఒక వ్యాసం సగం రాసేశాం. అందులో నా పేరు ముందుంటుందని సారు మాటిచ్చారు. ఒక్కటే చిన్న ముల్లు. గులాబీ రంగు సీసాలు మాత్రం అక్కడ కూడా మిగతా చోట్లంత ముదురుగానే వచ్చేవి. దుమ్ము సగమై, వాయువులు ఎందుకు తగ్గలేదు? దానికి కూడా ఒక పేరా రాశాను. చెట్లు దుమ్మును ఆపుతాయి గానీ వాయువును అంతగా ఆపవని. తెలివితేటలు ఎక్కువైతే ఇలాంటి పేరాలే వస్తాయి. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ రెండో చలికాలం అంకుల్‌కు బాగా ఎక్కువైంది. డాక్టరు ఢిల్లీ వదలమన్నాడు. ఆయన శాఖకు బందరులో ఒక చిన్న ఆఫీసు ఉందట, అక్కడ ఒక ఖాళీ వచ్చిందట. వెళ్తారా వెళ్ళరా రాసివ్వమని కాగితం ఇచ్చారు. వెళ్దామని ఆంటీ పట్టుబట్టింది. ఆయనకు ఇష్టం లేదు. కూతురి పన్నెండో తరగతి సగంలో ఉంది, ఇరవై ఏళ్ళుగా అలవాటైన ఊరు, పైగా ఈ గాలి అంత చెడ్డదేం కాదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఇచ్చింది నేనే.

నవంబరు ఆఖరి గురువారం, నేను పెసరట్టు తింటుంటే ఆయన అడిగాడు.

"మన నంబరు ఎంతమ్మా, ఈ ఏడాది?"

"అన్నిటికంటే మీదే తక్కువ అంకుల్. దగ్గర దగ్గర సగం."

"అంటే నాకీ ఆయాసం గాలివల్ల కాదన్నమాట. వయసన్నమాట."

నేను డాక్టర్ని కాదు అని ఉండాల్సింది. అనలేదు. "ఢిల్లీలో ఇంతకంటే మంచి గాలి మీకు దొరకదు" అన్నాను. నిపుణురాలిగా మాట్లాడటం ఎంత బాగుంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆయన ఆంటీ వైపు తిరిగి, "విన్నావా? సైన్సు చెప్తోంది" అన్నాడు. ఆవిడ స్టవ్ తగ్గించింది. పెనం మీది అట్టు తిరగేసింది. మర్నాడు ఆయన ఆఫీసులో 'వెళ్ళను' అని రాసిచ్చాడు.

మరో రెండు వారాలకు, ఒక గురువారం పొద్దున యంత్రం పెట్టేసి బస్సెక్కాక, నోట్‌బుక్ తెరిస్తే గాలి వేగం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. యంత్రం మీద చిన్న గాజు గొట్టంలో ఒక గోళీ పైకి లేచి గాలి ఎంత జోరుగా లోపలికి పోతోందో చూపిస్తుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అది చూసి రాసుకోవాలి. ఏడాదిన్నరలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. నన్ను నేను తిట్టుకుంటూ బస్సు దిగి, ఎదురు బస్సు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. కూతురు స్కూల్లో, అంకుల్ ఆఫీసులో. ఆంటీ తలుపు తీసి, "పైకి వెళ్ళు, పొయ్యి మీద పప్పుంది, వస్తున్నా" అంది.

డాబా మీద ఎండలో రెండు చాపల నిండా వడియాలు. వాటి మీద తెల్లటి మల్లుగుడ్డ, అంచుల మీద ఇటుక ముక్కలు. పక్కనే నా యంత్రం. దాని మూత చుట్టూ కూడా అదే చీర తాలూకు గుడ్డ, కొంగు చుట్టినట్టు చక్కగా చుట్టి, నాలుగు మూలలా బట్టల క్లిప్పులు పెట్టి ఉంది. లోపలికి లాగే గాలికి గుడ్డ సందులకు అతుక్కుపోయి ఉంది. అతుక్కున్న చోటల్లా బూడిద రంగు చారలు.

ఆంటీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏవిటమ్మా అలా నిలబడిపోయావ్? ఏమన్నా మర్చిపోయావా?"

"ఈ గుడ్డ ఎవరు కప్పినారు ఆంటీ?"

"నేనే. ఇంకెవరు కప్పుతారు? మొదట్రోజు నువ్వా కాగితం తీసి అయ్యో నల్లగైపోయిందే అని బాధపడ్డావు కదా. మీ సారు తిడతాడేమోనని. వడియాల మీద ఎటూ కప్పుతాను, దాని మీదా ఒకటి కప్పితే పోయేదేముంది? సన్న గుడ్డేగా, గాలి ఆడుతుంది."

"ఎన్ని దినాల నుంచి కప్పుతాండారు?"

"అప్పట్నించీ. నువ్వు పొద్దున అటు వెళ్ళగానే వేస్తా. బట్టల్తో పాటు తీసేస్తా."

నాకు కోపం వస్తే మా ఊరి మాట బయటికి వస్తుంది. "ఏం జేసినారు ఆంటీ మీరు? రెండు చలికాలాల పని నాశనం జేసినారు గదా" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆవిడ ముఖంలో రంగు పోయింది. "తెలీదమ్మా" అంది. గుడ్డ తీయబోయి, తీయాలో వద్దో తెలియక, చెయ్యి గాలిలోనే ఆపింది. ఆ చెయ్యి చూశాక నా కోపం చల్లారి, దాని చోట సిగ్గు వచ్చి కూర్చుంది. ఆవిడకు ఎవరు చెప్పారు గనక? ఆ ఇంట్లో నేను పాఠం చెప్పిన మనిషి ఆయన. పక్కింటి సర్దార్జీకి కూడా తెలుసు. నల్లబడటమే మా పని అని, నల్లబడకపోతేనే తప్పు అని ఆవిడకు ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు నేను.

సారు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన తిట్టలేదు. చెట్ల వ్యాసం తీసి, మొదటి పేజీ మీద మూల నుంచి మూలకు పెన్సిలుతో ఒక గీత గీసి, "గులాబీ సీసాలు మనకు చెప్తూనే ఉన్నాయి" అని ఇంగ్లీషులో అన్నారు. వాయువు గుడ్డకు ఆగదు. దుమ్ము ఆగుతుంది. అంతే సంగతి. ఆ చోటు లెక్కలన్నీ నా థీసిస్ నుంచి పోయాయి, నా చదువు ఒక ఏడాది వెనక్కి పోయింది. ఆ ఏడాది కోసం నేను పెద్దగా ఏడవలేదు. బస్సులో కూర్చున్నా, త్రాసు ముందు కూర్చున్నా నాకు కనిపించేది ఆ తొమ్మిదో మెట్టు. నేను చెప్పిన అంకె పట్టుకుని ఆయన ఆ ఊళ్ళో ఉండిపోతున్నాడు.

తర్వాతి గురువారం గుడ్డ లేకుండా యంత్రం నడిపాను. వారంలో మరో రెండు రోజులు అదనంగా నడిపాను. ఆదివారం మధ్యాహ్నం రెండు కాగితాలు కవర్లో పెట్టుకుని వెళ్ళాను. అంకుల్ డాబా మీద నీరెండలో మంకీ టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆంటీ నన్ను చూసి లోపలికి పోబోయింది. "మీరూ ఉండండి ఆంటీ, మీకే ముందు చెప్పాల" అన్నాను.

ఆవిడకే చెప్పాను, మొదటి నుంచి. ఈ కాగితం మన ఊపిరితిత్తి లాంటిది, మీరు దానికి ముక్కుగుడ్డ కట్టారు అన్నాను. ఆ తర్వాత ఆయన వైపు తిరిగి, రెండు కాగితాలూ ఆయన ఒళ్ళో పెట్టాను. గుడ్డ ఉన్నప్పటిది లేత బూడిద. గుడ్డ లేనిది నలుపు.

"నేను చెప్పింది తప్పు అంకుల్. మీ గాలి అందరి గాలి లాంటిదే. నా మాట పట్టుకుని మీరు రాసిచ్చింది వెనక్కి తీసుకోండి."

ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒప్పుకోబుద్ధి కాలేదు. "అచ్ఛా. ఒక వారం కాగితమేగా ఇది? పంజాబు వైపు నుంచి గాలి తిరిగిందేమో. నువ్వే చెప్పావు, ఒక రోజు చూసి ఏదీ అనకూడదని" అన్నాడు. నేను నేర్పిన పాఠం నాకే అప్పజెప్పాడు. మొదటి గురువారం నాటిది తప్ప, ఏడాదిన్నర పాటు ఆ డాబా గాలి ఎలా ఉండేదో చెప్పే కాగితం ఒక్కటీ నా దగ్గర లేదు.

అప్పుడు ఆంటీ మాట్లాడింది. అంతవరకూ ఎప్పుడూ మా కాగితాల లెక్కల్లో నోరు తెరవని మనిషి.

"ప్రతి గురువారం సాయంత్రం ఆ గుడ్డ నేను విడిగా జాడించేదాన్నండీ. వడియాల గుడ్డ ఒక్క నీళ్ళకే తెల్లబడేది. ఇది మూడు బకెట్లు పట్టేది. నీళ్ళు మసిలా దిగేవి. మిషన్లోంచి నూనె మరకేమో అనుకున్నా. మోరీలో పారబోసేశా, ఎన్నిసార్లో. అదంతా మీరు పీల్చిందేనటండీ."

ఇద్దరం ఆవిడ వైపే చూశాం. నా దగ్గర లేవనుకున్న లెక్కలు ఆవిడ దగ్గర ఉన్నాయి. ప్రతి గురువారం తన చేతులతో పిండి, మోరీలో పోసింది. అంకుల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "మూడు బకెట్లా?" అని అడిగాడు. ఆవిడ తలూపింది. "ఠీక్ హై" అన్నాడు మెల్లిగా.

ఢిల్లీ ఆఫీసుల్లో ఫైళ్ళు నత్తలకంటే నెమ్మదిగా కదులుతాయని నేను ఎప్పుడూ తిట్టుకునేదాన్ని. ఆ ఒక్కసారి ఆ నెమ్మదికి చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఆయన 'వెళ్ళను' అన్న కాగితం ఇంకా కింది బల్ల మీదే ఉందట, వెనక్కి తీసుకున్నాడు. కూతురి పరీక్షలు అవగానే వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు రోజు ఆంటీ నాకు ఒక డబ్బా నిండా వడియాలు ఇచ్చి, గుమ్మం దాకా వచ్చి, "నావల్ల మీ సారు నిన్నేం అన్లేదు కదా?" అంది. ఆవిడకు మొదటి నుంచీ అదొక్కటే దిగులు. అనలేదని చెప్పాను. నా చదువు ఒక ఏడాది పోయిందని చెప్పలేదు.

ఏడాది గడిచాక బందరు నుంచి ఒక కవరు వచ్చింది. అంకుల్ రాసిన ఉత్తరం, దానిలో మడిచి అరచేతి వెడల్పు మల్లుగుడ్డ ముక్క. అదే చీర. వారం రోజులు డాబా రెయిలింగుకు కట్టి ఉంచి తీశానని, జాడించలేదని, ఇక్కడ మన నంబరు ఎంతో చూసి చెప్పమని రాశాడు. కింద మరో వాక్యం. "ఇక్కడ డాబాకు ఇరవై రెండు మెట్లమ్మా. కట్టడానికి నేనే ఎక్కాను."

అలవాటు కొద్దీ దాన్ని తేమ లేని పెట్టెలో ఒక రోజు ఉంచి, త్రాసులో పెట్టాను. అంకె వచ్చింది. పుస్తకంలో రాసుకోబోతుంటే గుర్తొచ్చింది, ఆయన దాన్ని కట్టే ముందు తూచలేదు. ఇంత నేర్చుకున్న మనిషి అదొక్కటీ మరిచిపోయాడు. దాని నుంచి ఒక్క అంకె కూడా రాదు. నేను గుడ్డను త్రాసు మీంచి తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకున్నాను. తెల్లగా ఉంది. ఆయనకు జవాబు రాయడానికి కూర్చుని, ఉత్తరంలో చివరి వాక్యం మళ్ళీ చదివి, మన నంబరు ఇరవై రెండు అని రాశాను.